పెన్నా ఇసుక దాచిన గుడి, మనం టైల్స్ వేసిన గుడి

పెన్నాగట్టు (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. 2020 జూన్‌లో చేజర్ల మండలం పెరుమాళ్ళపాడు దగ్గర పెన్నలో ఇసుక తవ్వుతుంటే నాగేశ్వరస్వామి గుడి బయటపడిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏరు దారి మార్చుకుని వచ్చి గుడిని మేటల కింద పూడ్చేసిందని ఊరి పెద్దలు ఎప్పటినుంచో చెప్పుకుంటూ ఉన్నారట. బయటపడిన కొద్ది రోజులకు నేనూ వెళ్ళి చూశాను. శిఖరం మాత్రం ఇసుకలోంచి తలెత్తి ఉంది, చుట్టూ జనం చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు.

నన్ను వెంటాడుతున్న ఆలోచన మాత్రం వేరు. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక పాత శివాలయం ఉంది. దాన్ని ఏ ఏరూ ముంచలేదు, ఏ సైన్యమూ తాకలేదు, ఒక్క పూట కూడా దీపం ఆగలేదు. అయినా ఈ రోజు చూస్తే రాతి స్తంభాలకు ఎనామిల్ రంగు, నేలకు టైల్స్, ముఖమండపం మీద సగానికి సిమెంటు స్లాబు. మిగిలిన సగాన్ని కూడా తీసేసి కొత్తగా కాంక్రీటు మండపం కట్టాలని ఆలయ కమిటీ నిర్ణయానికి వచ్చింది. పెన్న పూడ్చిన గుడి ఉన్నది ఉన్నట్టు మిగిలితే, మనం పూజించిన గుడి మన చేతుల్లోనే మారిపోతోంది. గొప్ప కట్టడాలు నిలవడానికీ పోవడానికీ అసలు కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు? యుద్ధాలు, భూకంపాలు అనే సమాధానం నాకు చాలడం లేదు.

దుర్గం మెట్లు (ఉదయగిరి)

చాలదన్న మాట నిజమే గాని, యుద్ధాన్ని పూర్తిగా పక్కన పెట్టకండి. మా ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో ప్రతాపరుద్ర గజపతి సేనల నుంచి గెలుచుకున్నాడు. గెలిచినవాడు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి, అంటే ఇప్పటి హంపికి, తీసుకెళ్ళి, దానికోసం ప్రత్యేకంగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ యాభై ఏళ్ళకే, 1565లో, ఆ నగరమే కొల్లబోయింది. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే దేవుడు ఒక ఊళ్ళో, ఆయన రెండో గుడి మరో రాష్ట్రంలో, మొదటి చోటు మా కొండ మీద. పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో ఈ సంగతి చెబితే, మరి ఎవరికి తిరిగి ఇవ్వాలి మాస్టారూ అని ఒక పిల్లవాడు అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

అయితే ఆ నగరంలోనే మీ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. 1565 తరవాత కూడా విరూపాక్షాలయంలో పూజలు సాగాయి, ఇప్పటికీ సాగుతున్నాయి. విఠలాలయంలో సాగలేదు. మొదటిది ఊరి గుడిగా బతికింది, రెండోది చూడటానికి వెళ్ళే చోటుగా మిగిలింది. మా దుర్గం మీద ఇప్పుడు శత్రువులు లేరు. రాళ్ళ సందుల్లో మొలిచే రావి, జువ్వి మొక్కలున్నాయి, గుప్తనిధులున్నాయని రాత్రిపూట గడ్డపారలతో ఎక్కే మనుషులున్నారు. ఫిరంగులు పడగొట్టనిదాన్ని ఈ రెండూ నిదానంగా పడగొడుతున్నాయి.

ఒంగోలు పాఠకురాలు

మాస్టారు చెప్పిన గడ్డపార దగ్గరే నేను మొదలుపెడతాను. మన భాషా ప్రాంతంలో పోయిన కట్టడాలన్నిటిలోకీ పెద్దది అమరావతి మహాస్తూపమని నా అభిప్రాయం. దాన్ని ఏ దండయాత్రా నేలమట్టం చేయలేదు. బౌద్ధం సన్నగిల్లాక దాని అక్కర ఎవరికీ లేకపోయింది, అది మట్టిదిబ్బగా మారింది, జనం దాన్ని దీపాలదిన్నె అని పిలిచారు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అక్కడికి మార్చుకుని ఊరు కట్టించడం మొదలుపెట్టినప్పుడు, ఇటుకలూ రాళ్ళూ కావలసినవాళ్ళకు ఆ దిబ్బ అందుబాటులో ఉన్న గనిలా కనిపించింది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికి తవ్వకం సాగుతోంది. 1816లో ఆయన మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది.

చెక్కడపు పలకలు సున్నపురాయి కావడం ఆ స్తూపానికి శాపమైంది. గ్రానైటు అయితే మెట్టుగానో గడపగానో మరో చోట బతికేది. సున్నపురాయిని కాలిస్తే సున్నం వస్తుంది, సున్నం ఇల్లు కట్టుకునేవాడికి కావాలి. బుద్ధుడి జీవితాన్ని చెక్కిన పలకలు ఎన్ని సున్నపు బట్టీలోకి వెళ్ళాయో లెక్క తేలదు. ఆ తరవాత 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన పలకలు అక్కడ ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. 1880లో గవర్నరు ఆజ్ఞతో దిబ్బను మొత్తంగా ఖాళీ చేయించినప్పుడు, స్తూపం ఎలా కట్టారో చెప్పగలిగే ఆధారం మట్టితోపాటే పోయింది. శ్రద్ధ ఉండి చేసిన పని కూడా ధ్వంసమే అయిందన్నమాట.

ఇందులో ఒక్క ఊరట ఉంది. మెకంజీ తన వెంట చిత్రకారులను తీసుకెళ్ళి పలకలను బొమ్మలు గీయించాడు. వాటిలో చాలా పలకలు ఈ రోజు ఎక్కడా లేవు, ఆ కాగితాల మీద మాత్రమే ఉన్నాయి.

స్లాబు లెక్కలు (కావలి)

నేను సివిల్ ఇంజనీరును, చరిత్ర నా సబ్జెక్టు కాదు. కట్టడంలో పక్కింటివాడికి పనికొచ్చే వస్తువు ఉంటే ఆ కట్టడం బతకదని పాఠకురాలు చెప్పినదానికి రోము మంచి సాక్ష్యం ఇస్తుంది. అక్కడి పాతకాలపు ఆటల ప్రాంగణం కొలోసియం రాళ్ళను ఇనుప బందులతో పట్టి ఉంచారు. తరవాతి శతాబ్దాల్లో ఇనుము కోసం గోడలు తొలిచి ఆ బందులు లాక్కుపోయారు, ఆ బొక్కలు ఇవాళ్టికీ గోడలనిండా కనిపిస్తాయి. 1349 భూకంపానికి దక్షిణం వైపు బయటి గోడ కూలితే ఆ రాళ్ళతో రోములో వేరే భవనాలు లేచాయి.

అదే ఊళ్ళో పాంథియన్ అనే పాత రోమన్ గుడి నిలబడి ఉంది. క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిన ఆ గుమ్మటం 43 మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది, అందులో ఇనుప కడ్డీ ఒక్కటి లేదు. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ అదే పెద్దది. అడుగున బరువైన రాతి ముక్కలు, పైకి వెళ్ళేకొద్దీ తేలికైన అగ్నిపర్వత శిల కలిపి పోశారు. మా రంగంలో దీన్ని తలచుకుని సిగ్గుపడవలసి ఉంటుంది, ఎందుకంటే మేము పోసే స్లాబులో కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడటానికి యాభై ఏళ్ళు కూడా అక్కరలేదు, సముద్రపు గాలి తగిలే మన తీరంలో ఇరవై చాలు. అయితే పాంథియన్‌ను ఒక్క ఇంజనీరింగే కాపాడలేదు. 609లో దాన్ని చర్చిగా మార్చారు. అప్పటినుంచి దానికి ఒక యజమాని, రోజూ తలుపు తీసే మనిషి ఉన్నారు. ఆ యజమానే, అంటే అప్పటి పోపు, 1625లో ముందరి వసారాలోని కంచు దూలాలను ఊడదీయించి కరిగించాడన్నది వేరే కథ.

భైరవకోన బాటసారి

మా వైపునుంచి ఒక చిన్న మాట. భైరవకోనలో కొండను తొలిచి చేసిన గుహాలయాలు ఎనిమిది ఉన్నాయి. వెయ్యేళ్ళు దాటినా ద్వారపాలకులూ స్తంభాల అడుగున సింహాలూ నిలిచే ఉన్నాయి. ఇందులో భక్తి పాత్ర ఎంతో నేను చెప్పలేను గాని, అక్కడ పీక్కుపోవడానికి విడి రాయి లేదన్నది మాత్రం కళ్ళకు కనిపించే సంగతి. కట్టిన గుడిని విప్పవచ్చు. తొలిచిన గుడిని విప్పాలంటే కొండను పగలగొట్టాలి, గొడ్డలి భుజాన వేసుకుని గొర్రెలు మేపుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది?

ఒంగోలు పాఠకురాలు

బాటసారిగారూ, తొలిచినదానికీ పూర్తి రక్షణ లేదు. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధులు కొండలో తొలిచినవే. 2001 మార్చిలో రోజుల తరబడి పేలుడు పదార్థాలు పెట్టి మరీ కూల్చారు. ద్వేషానికి తీరిక దొరుకుతుంది.

ఇంజనీరుగారి మాట మీద కూడా నాకు ఒక అభ్యంతరం ఉంది. వాడుకలో ఉంటే బతుకుతుందన్న సూత్రం ఏథెన్సులోని గ్రీకుల గుడి పార్థెనాన్ దగ్గర తలకిందులైంది. ఆ గుడి దేవత మారినా చర్చిగా వెయ్యేళ్ళు, ఆ తరవాత మసీదుగా రెండు శతాబ్దాలు దాదాపు నిండు రూపంతో నిలిచింది. 1687లో వెనిస్ సైన్యం ఏథెన్సును ముట్టడించే సమయానికి అందులో తుపాకీమందు నిల్వ చేసి ఉన్నారు. సెప్టెంబరు 26న ఒక గుండు వచ్చి పడింది, రెండు వేల ఏళ్ళ కట్టడం నడిమికి పేలిపోయింది. గుండు వేసినవాడిని తిట్టుకుంటాం సరే, మందు పెట్టినవాడి మాటేమిటి? అదీ వాడుకే కదా. కాబట్టి వాడుక అన్న ఒక్క మాట సరిపోదు, ఏ వాడుక అన్నది చూడాలి. పెన్నాగట్టు గారి కమిటీవాళ్ళు కూడా గుడిని వాడుకోవడానికే మండపం తీసేస్తామంటున్నారు, పెళ్ళిళ్ళకు జాగా చాలడం లేదన్నది వాళ్ళ వాదన అయి ఉంటుంది.

పెన్నాగట్టు (నెల్లూరు)

సరిగ్గా ఆ వాదనే అమ్మా. కార్తీక మాసంలో ఆడవాళ్ళు ఎండలో నిలబడుతున్నారని కూడా అన్నారు. దానికి నేను కాదనలేకపోయాను.

మనుబోలు రైతు

కాళహస్తి సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. రాయలవారు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. మా నాన్న నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని చూపించిన గోపురం అది. పగుళ్ళు ముందే కనిపించడంతో జనాన్ని ఆ వైపు రానీయకుండా ఆపారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మర్నాడు మా ఊళ్ళో పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయి. అది గుడ్డి నమ్మకమని కొందరు అనుకోవచ్చు, ఇంట్లో పెద్దమనిషి పోయినట్టు అనిపించిందని మాత్రం నేను చెప్పగలను.

దాని చోటనే కొత్త గోపురం కట్టి 2017 జనవరిలో కుంభాభిషేకం చేశారు. ఇప్పుడు మా పిల్లలకు అదే కాళహస్తి గోపురం. అది పాతదేనా, వేరేదా? ఈ మధ్య జపాన్‌లోని ఇసే దేవాలయం గురించి చదివాను. ఆ చెక్క గుడిని ఇరవై ఏళ్ళకొకసారి పక్క జాగాలో అచ్చు అలాగే కొత్తగా కట్టి, పాతదాన్ని విప్పేస్తారట. 2013లో చేసినది 62వ సారి. అక్కడ మిగులుతున్నది కర్ర కాదు, కట్టే చేతులు. ప్రతి ఇరవై ఏళ్ళకూ ఒక తరం వడ్రంగులు తరవాతి తరానికి పని నేర్పుతున్నారు. మన దగ్గర 494 ఏళ్ళు గోపురం నిలిచింది గాని, ఆ గోపురాన్ని గచ్చుతో, ఇటుకతో అలాగే కట్టగల మేస్త్రీలు ఎంతమంది మిగిలారో చెప్పండి.

దొనకొండ జంక్షన్

రైతుగారి ప్రశ్నకు జవాబు తెలిసినవారు చెబుతారు. నేను మా పక్కనున్న చందవరం గురించి రాయాలి. గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద ఉన్న ఆ మహాస్తూపాన్ని 1964లో గుర్తించి, 1970ల్లో తవ్వి వెలికితీశారు. అమరావతికి జరిగిన నష్టం దీనికి జరగకుండా తప్పిందని మా ఊళ్ళో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. కాని దొంగలకు కూడా చరిత్ర తెలుసు. ఇక్కడినుంచి పోయిన ఒక శిల్పఫలకం, బుద్ధుణ్ణి కొలిచే భక్తులు చెక్కి ఉన్నది, చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అది దొంగిలించిన సొత్తని తేలాక 2016లో వాళ్ళు మన దేశానికి తిరిగి ఇచ్చారు. మట్టిలో ఉన్నన్నాళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వెలికితీసి, విలువైనదని బోర్డు పెట్టాక పోయింది. పెన్నాగట్టు గారు మొదట అన్న మాట నాకు అందుకే నచ్చింది.

నాగార్జునకొండను కూడా తలుచుకోవాలి. సాగర్ ఆనకట్ట కింద లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆ లోయను గాలించి తవ్వారు. ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, విహారాలు, రాతి మెట్ల వలయంతో కట్టిన ఆటస్థలం బయటపడ్డాయి. వాటిలో కొన్నిటిని విప్పి కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు, మిగిలినవి నీటి అడుగున ఉన్నాయి. దీన్ని నష్టమని మాత్రమే అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే మా ప్రాంతంలో సాగర్ కుడికాలువ నీళ్ళు తాగి పెరిగిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అన్నం తింటూ ఆ లోయను తలుచుకుంటే మనసు ఎటూ తేల్చుకోలేదు. అయినా ముంచేముందు ఆరేళ్ళు ఆగి చూసి, కొలిచి, రాసుకున్నారన్నది గమనించదగ్గ విషయం. పెళ్ళి మండపం కోసం అయినా ఒక నెల ఆగవచ్చును కదా.

గానుగ సున్నం (ఆత్మకూరు)

మేము మూడు తరాలుగా తాపీపని చేస్తున్నాము. రైతన్న అడిగినదానికి చెబుతున్నాను. చేతులు ఇంకా ఉన్నాయి, అడిగేవాళ్ళు తగ్గారు.

మా తాత కాలంలో సున్నాన్ని వారాల తరబడి నీళ్ళలో మురగబెట్టి, ఇసుక కలిపి, ఎడ్లు కట్టిన రాతి గానుగలో వెన్నలా నలిగేదాకా తిప్పేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. ఆ పూత గట్టిపడటానికి నెలలు పడుతుంది, కాబట్టి పండక్కి పూర్తి కావాలనేవాళ్ళకు అది నచ్చదు. సిమెంటు మర్నాటికి గట్టిపడుతుంది. పాత గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో మాత్రం నేను ఎన్నో గుళ్ళలో చూశాను. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. చెమ్మ లోపలే నిలిచి ఉప్పు తేలి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తుంది, లోపల పిండి అయి ఉంటుంది. ఎనామిల్ రంగు పూసిన రాతికి కూడా ఇదే గతి, పెచ్చులు లేచినప్పుడు చెక్కడం కూడా పెచ్చుతో పోతుంది. ఆ రంగును తీయాలని ఇసుకను గాలితో కొట్టించేవాళ్ళున్నారు, అది ఇంకా అన్యాయం, శిల్పం ముక్కూ కళ్ళూ అరిగిపోతాయి.

రావి మొక్క సంగతి మాస్టారు చెప్పారు. దాన్ని పైపైన నరికితే వేరు మరింత బలిసి రాళ్ళను విడదీస్తుంది. వేరు చచ్చేదాకా మందు పెట్టి, ఎండిన తరవాత ఆ సందును సున్నంతోనే మూయాలి. ఏటా వానాకాలం ముందు ఒక మనిషి శిఖరం ఎక్కి మొలకలు పీకేస్తే ఈ తిప్పలే ఉండవు. ఒక్క మనిషి, ఒక్క పూట కూలి.

ఆ మండపం సంగతికి వస్తే, ఆడవాళ్ళకు నీడ కావాలన్న మాట న్యాయమైనది. పాతదాన్ని ముట్టుకోకుండా, నాలుగు అడుగులు ఎడంగా ఇనుప రేకుల పందిరి వేసుకోవచ్చు. ఖర్చు కూడా సగానికి తగ్గుతుంది.

స్లాబు లెక్కలు (కావలి)

మేస్త్రీగారు చెప్పినదానికి నేను చేర్చవలసింది ఒకటే. పాత గోడను ఆనుకుని కొత్త పునాది తవ్వకండి, పాత గుళ్ళ పునాదులు చాలాచోట్ల మనం అనుకున్నంత లోతుగా ఉండవు. పందిరి స్తంభాలకు ఎంత దూరం పాటించాలో నేలను చూసి ఉచితంగా లెక్క వేసి ఇస్తాను.

ఒంగోలు పాఠకురాలు

పెన్నాగట్టు గారూ, కమిటీ దగ్గరికి వెళ్ళేముందు ఒక పని చేయండి. నెల్లూరు జిల్లా శాసనాలను 1905లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం మూడు సంపుటాలుగా అచ్చువేసింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే, కాబట్టి అవీ అందులో ఉన్నాయి. మీ అమ్మమ్మగారి ఊరి పేరు ఉందేమో వెతకండి. రాతి మీద రాత ఉన్న గుడి అని తేలితే మాట్లాడే బలం వస్తుంది. రాష్ట్రంలో 1960 నాటి పురావస్తు చట్టం ఉన్నమాట నిజమే గాని, అది రక్షిత కట్టడంగా ప్రకటించినవాటికే వర్తిస్తుంది. మీ గుడి ఆ జాబితాలో లేకపోతే దాన్ని కాపాడవలసింది ఊరే.

పెన్నాగట్టు (నెల్లూరు)

పది రోజుల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఆ సంపుటాల్లో ఊరి పేరు దొరికింది. గుడి ముందు నిలబెట్టిన రాతి మీద శాసనం ఉన్నట్టు రాసి ఉంది. గుడి ముందు అటువంటి రాయి ఏదీ లేదు. ఊళ్ళో నలుగురైదుగురు ముసలివాళ్ళను అడిగితే చివరికి ఒక అవ్వ బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి బట్టలుతికే బండను చూపించింది. పైభాగం అద్దంలా నున్నగా అరిగి ఉంది. పక్కనున్న మట్టి తీసి అడుగున చెయ్యి దూర్చి తడిమితే అక్షరాల గాట్లు వేళ్ళకు తగిలాయి. రాత ఉన్న వైపు కిందికి పడి ఉంది.

కమిటీ పెద్దలను పిలిచి వాళ్ళ చేత కూడా తడిమించాను. మండపం పని శివరాత్రి దాటేదాకా ఆపుతామన్నారు. రేకుల పందిరి మాట కూడా చెప్పాను, ఖర్చు సగమన్నప్పుడు కోశాధికారిగారు కాస్త ముందుకు జరిగి విన్నారు. బండను తిరగేయాలంటే మాత్రం ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

గానుగ సున్నం (ఆత్మకూరు)

ఆదివారం పొద్దున ఆరింటికల్లా నేను వస్తాను. జేసీబీని పిలవకండి, గడ్డపార రాతికి తగలనీయకండి. నాలుగు సరుగుడు వాసాలు, రెండు మోకులు, కింద పరచడానికి వరిగడ్డి, ఆరుగురు మనుషులు కావాలి. తిరగేసిన తరవాత అక్షరాలను పీచుతోనో వైరు బ్రష్షుతోనో ఎవరూ రుద్దకుండా మీరు దగ్గరుండి చూడండి. మంచినీళ్ళు పోసి వదిలేస్తే చాలు. తడి కాగితం అద్ది నకలు తీయడం తెలిసినవారు ఈ వేదికలో ఉంటే వారిని కూడా రమ్మనండి.

దుర్గం మెట్లు (ఉదయగిరి)

నాకు వచ్చును. కాగితం, సిరా నేను తెస్తాను. మొదటి బస్సుకు బయలుదేరితే ఏడున్నరకు చేరతాను, అప్పటిదాకా తిరగేయకుండా ఆగండి.